రంగు పెన్సిల్ ముఖచిత్రాలు: నునుపు చేయడం ఎంతవరకు?

పరిచయం

గ్రాఫైట్ పెన్సిల్‌తో వెలుగునీడలు చూపే పద్ధతి మీకు ఇప్పటికే పరిచయమై ఉంటుంది. ఈ పాఠంలో రంగు పెన్సిళ్లతో గీసిన ముఖచిత్రాలను ఎలా చూడాలి, వాటి మంచిచెడ్డలను ఎలా నిర్ణయించాలి అనే విషయాన్ని పరిశీలిద్దాం. రంగులను ఒకదానిలో ఒకటి కలిపి గీతలు కనిపించకుండా నునుపు చేసే పద్ధతిని బ్లెండింగ్ అంటారు. మన చర్చ అంతా ప్రధానంగా దాని చుట్టూనే నడుస్తుంది.

ఈ పాఠం చదివాక మీరు ఒక రంగు పెన్సిల్ చిత్రాన్ని చూసి అందులో ఏయే పద్ధతులు వాడారో గుర్తించగలగాలి. ఆ పద్ధతి ఆ ముఖానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది కారణాలతో చెప్పగలగాలి. మొదటిది ఏ వీడియో చూసినా నేర్చుకోవచ్చు. రెండోదానికే ఈ పాఠం.

"అచ్చం ఫోటోలా ఉంది"

మన ఇళ్లలో ఎవరైనా ఒక ముఖం గీసి చూపిస్తే వచ్చే మొదటి మెప్పు "అచ్చం ఫోటోలా ఉంది" అన్నదే. ఆ మాట అన్నవారిని తప్పుపట్టలేం. పోలిక కుదరడం చిన్న విషయమేమీ కాదు. అయితే విమర్శ దృష్టితో చూసేవారు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఏ ఫోటోలా?

నలుపు తెలుపు ఫోటోల కాలంలో స్టూడియోల్లో రీటచింగ్ అనే పని ఉండేది. నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు, చుక్కలు పెట్టేవారు. నెగటివ్‌లో పెన్సిల్ పడ్డ చోటు ప్రింటులో తెల్లబడుతుంది కాబట్టి కంటి కింది చారలు, నుదుటి ముడతలు, మశూచి మచ్చలు తేలికగా మాయమయ్యేవి. పాత ఆల్బమ్‌లలో అందరి బుగ్గలూ ఒకే తీరుగా నున్నగా కనిపించడానికి ఇదొక కారణం. ఇప్పుడు ఆ పనిని చాలా సెల్‌ఫోన్లు అడగకుండానే చేస్తున్నాయి. సెల్ఫీ తీయగానే చర్మం దానంతటదే నునుపవుతుంది. కాబట్టి ఫోటో చూసి బొమ్మ గీసేవారికి ఎదురుగా ఉన్నది చాలాసార్లు మనిషి ముఖం కాదు, అప్పటికే ఒకసారి తుడిచిన ముఖం. దాన్ని రంగు పెన్సిల్‌తో మళ్లీ నునుపు చేస్తే రెండోసారి తుడిచినట్టు.

ఇలా అన్నంత మాత్రాన నునుపు చేయడమే తప్పని కాదు. అది ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం అన్నది తేల్చుకోవాలంటే ముందు రంగు పెన్సిల్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

పెన్సిల్, కాగితం, పొరలు

రంగు పెన్సిల్ లోపలి కడ్డీలో రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే మైనం లేదా నూనె, మట్టి వంటి పూరక పదార్థాలు ఉంటాయి. జర్మనీకి చెందిన ఫేబర్-కాస్టెల్ సంస్థ 1908లో తెచ్చిన పాలిక్రోమోస్ పెన్సిళ్లలో నూనె పాలు ఎక్కువ. అమెరికాలో 1938లో మొదలైన ప్రిస్మాకలర్ పెన్సిళ్లలో మైనం ఎక్కువ, అందుకే అవి మెత్తగా ఉంటాయి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే విద్యార్థుల పెన్సిళ్లలో రంగుపొడి తక్కువ, మైనం, మట్టి ఎక్కువ. వాటితో మంచి చిత్రం రాదనుకోకండి. పొరలు ఎక్కువ వేయవలసి వస్తుంది, అంతే.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, ఈ రంగు పూర్తిగా కప్పేసే రంగు కాదు. ఒక పొర మీద ఇంకొక పొర వేస్తే కింది రంగు పైకి కనిపిస్తూనే ఉంటుంది. పోస్టర్ రంగుల్లా పళ్లెంలో ముందే కలుపుకొని రాసే వీలు ఇక్కడ లేదు. కలపడమంతా కాగితం మీదే జరగాలి. పసుపు గీతల మీద ఎరుపు గీతలు వేస్తే దూరం నుంచి చూసే కంటికి అది నారింజ. దగ్గరకు వెళితే పసుపూ ఎరుపూ విడివిడిగా కనిపిస్తాయి. ఈ దగ్గర దూరాల ఆటలోనే రంగు పెన్సిల్ అందమంతా ఉందని నా అభిప్రాయం.

రెండోది కాగితపు గరుకుదనం. కాగితం పైకి చదునుగా కనిపించినా దాని మీద సన్నని మిట్టపల్లాలు ఉంటాయి. పెన్సిల్ తేలికగా ఆడిస్తే రంగు మిట్టలకే అంటుతుంది, పల్లాల్లో తెల్లకాగితం మిగులుతుంది. పొర మీద పొర పడేకొద్దీ పల్లాలు నిండుతాయి. అవి పూర్తిగా నిండిపోయాక కాగితం ఇక రంగును పట్టుకోదు. పెన్సిల్ పైపైన జారిపోతుంది.

నునుపు చేసే పద్ధతులన్నీ ఈ పల్లాలను నింపే పద్ధతులే. చేతి ఒత్తిడి పెంచకుండా ఐదారు పలుచని పొరలు వేయడం ఒకటి. చివరలో లేత రంగు పెన్సిల్‌తో గట్టిగా అదిమి రుద్దడం ఇంకొకటి, దీన్ని బర్నిషింగ్ అంటారు. రంగులేని బ్లెండర్ పెన్సిల్‌తో రుద్దేవారున్నారు. వాసన లేని మినరల్ స్పిరిట్‌లో కుంచె తడిపి మైనాన్ని కరిగించి రంగును పరిచేవారూ ఉన్నారు. ఆ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచుకోవాలి, దీపం దగ్గర అసలు చేయకూడదు. గ్రాఫైట్‌కు వాడే కాగితపు చుట్ట, అదే స్టంప్, మైనపు రంగు మీద అంతగా పనిచేయదు. వేలితో రుద్దితే చర్మంలోని జిడ్డు కాగితానికి పట్టడం తప్ప లాభం లేదు.

ఇక్కడ విమర్శకు పనికొచ్చే అసలు విషయం ఒకటుంది. బర్నిషింగ్ చేశాక వెనక్కి రావడం కష్టం. పల్లాలు మూసుకుపోయాయి కాబట్టి ఆ చోట ఇక కొత్త రంగు వేయలేం, ముడత గీయలేం, నీడను ముదురు చేయలేం. రబ్బరుతో చెరిపినా మరక మిగులుతుంది. అందువల్ల ఒక చిత్రంలో ఎక్కడ బర్నిషింగ్ కనిపించినా, "ఇక్కడ ఇంక చూడవలసింది ఏమీ లేదు" అని చిత్రకారుడు నిర్ణయించుకున్నట్టు లెక్క. ఆ నిర్ణయం సరైనదా, తొందరపాటా అన్నదే మీరు అడగవలసిన ప్రశ్న.

ఒక అమ్మమ్మ బొమ్మ

ఒక సంపర్క తరగతిలో ఒక విద్యార్థిని తన అమ్మమ్మ బొమ్మ తెచ్చి చూపించింది. ఏ3 కాగితం, ఇరవై నాలుగు రంగుల పెట్టె. దాదాపు మూడు వారాలు గీశానంది. ఆ కష్టం బొమ్మలో కనిపిస్తోంది. చీర అంచులోని జరీ, కళ్లజోడు ఫ్రేము మీది మెరుపు, చెవి కమ్మ రాళ్లు ఎంతో శ్రద్ధగా వచ్చాయి. క్లాసులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కాసేపటికి ఆమె బొమ్మతో పాటు తెచ్చుకున్న ఫోటోను కూడా పక్కన పెట్టింది. అప్పుడు తేడా తెలిసింది. ఫోటోలో ఆ పెద్దావిడకు కంటి చివరల నుంచి చెంప మీదికి పాకే ముడతలు, పెదవుల చుట్టూ సన్నని నిలువు చారలు ఉన్నాయి. ఆకూవక్కా నమిలే అలవాటున్నట్టు పెదవుల మీద ఎర్రని మరక ఉంది. బొమ్మలో అవేమీ లేవు. చెంపలు, నుదురు, గడ్డం అంతా తెల్ల పెన్సిల్‌తో గట్టిగా రుద్ది ఒకే నునుపుగా చేసింది. ముఖం వయసు ఇరవై ఏళ్లు తగ్గింది. తగ్గితే తగ్గనీ అనుకోవచ్చు. కానీ మెడ మీది ముడతలు అలాగే ఉన్నాయి. వాటిని నునుపు చేయడానికి ఓపిక అయిపోయిందట. దానితో యాభై ఏళ్ల ముఖం డెబ్బై ఏళ్ల మెడ మీద పెట్టినట్టయింది.

ఇంకొక తేడా ఆ అమ్మాయే గుర్తించింది. "మా అమ్మమ్మ చామనఛాయ సార్, ఇందులో ఎందుకో పాలిపోయినట్టు వచ్చింది" అంది. కారణం తెల్ల పెన్సిలే. తెల్లరంగుతో బర్నిషింగ్ చేస్తే కింది రంగులు కలుస్తాయి, నిజమే. దానితో పాటు అవన్నీ లేతబడతాయి, వాటి వెచ్చదనం తగ్గుతుంది. గోధుమ రంగు మీద తెలుపు రుద్దితే వచ్చేది వెలుగు పడ్డ గోధుమ రంగు కాదు, సున్నం పూసినట్టుండే బూడిద గోధుమ. లేత చర్మాన్ని గీసేవారికి ఈ నష్టం పెద్దగా తెలియదు. చామనఛాయ ముఖంలో మాత్రం వెంటనే బయటపడుతుంది. యూట్యూబ్‌లో పాఠాలు చెప్పే చాలామంది గీసేది లేత చర్మపు ముఖాలనే. వారి చేతిలో సరిపోయిన పద్ధతిని మనం యథాతథంగా తెచ్చుకుంటే ఏం జరుగుతుందో ఈ బొమ్మ చెబుతుంది.

ఆ బొమ్మలో బర్నిషింగ్ చక్కగా కుదిరిన చోట్లు లేకపోలేదు. కళ్లజోడు అద్దం, కమ్మ రాయి, నూనె రాసి దువ్విన జుట్టు మీది వెలుగు. అవి నిజంగానే నునుపైన వస్తువులు. వాటికి గీతలు కనిపించకపోవడమే అందం. పొరపాటల్లా చర్మాన్ని కూడా కళ్లజోడు అద్దంలా చూడడం.

హోల్బైన్ కాగితం రంగు

ముఖచిత్రంలో నునుపునూ గీతనూ పంచిపెట్టిన తీరు చూడాలంటే హాన్స్ హోల్బైన్ చిత్రాల దగ్గరకు వెళ్లాలి. ఆయన జర్మనీలో పుట్టి, 1543లో లండన్‌లో మరణించాడు. ఆయన ఇంగ్లండులో గీసిన ముఖాల చిత్తుచిత్రాలు ఎనభై వరకు బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో భాగంగా విండ్సర్ కోటలో ఉన్నాయి. అవి రంగు పెన్సిళ్లతో వేసినవి కావు. నల్ల సుద్ద, రంగు సుద్దలతో గీసి, కొన్నిచోట్ల సిరాతో గీతలు దిద్దినవి. పని మాత్రం మనదే. పొడి రంగుతో, కాగితం మీద, ముఖం.

ఆయన 1526 నుంచి 1528 వరకు ఒకసారి, 1532 నుంచి మరోసారి ఇంగ్లండులో ఉన్నాడు. మొదటిసారి గీసిన చిత్రాల్లో మామూలు కాగితం మీదే రంగు సుద్దలతో చర్మపు రంగును తెచ్చాడు. రెండోసారి వచ్చాక పద్ధతి మారింది. కాగితానికి ముందుగానే లేత గులాబీ పూత పూసి, ఆ పూతనే చర్మంగా వాడుకున్నాడు. చెంప మీద కాస్త ఎరుపు సుద్ద మెత్తగా పరిచాడు. కనురెప్ప, ముక్కు అంచు, పెదవుల మధ్య గీత వంటి చోట్ల మాత్రం పదునైన గీత పెట్టాడు. మిగిలినదంతా ఖాళీ కాగితమే. అయినా ఆ ఖాళీని మన కన్ను ఖాళీగా చూడదు, చర్మంగా చూస్తుంది.

దీనివల్ల ఆయనకు సమయం కలిసి వచ్చి ఉంటుంది, ఎందుకంటే ఈ చిత్రాల్లో చాలా వరకు తైలవర్ణ చిత్రాలకు సన్నాహాలు. అంతకన్నా ముఖ్యం, చర్మాన్ని నింపే శ్రమ లేకపోవడంతో ఆయన చూపంతా ముఖం కదిలే చోట్ల మీదే నిలిచింది. మనిషి స్వభావం తెలిసేది కంటి చివర, ముక్కుపుటం పక్క, నోటి మూలల్లో. చెంప మధ్యభాగంలో కాదు. హోల్బైన్ నునుపును చెంపకు ఇచ్చి, గీతను కంటికి ఉంచుకున్నాడు. మన విద్యార్థిని దీన్ని తలకిందులు చేసింది. చెంప నునుపు కోసం మూడు వారాలు ఖర్చుపెట్టి, కంటి చివర ముడతలను ఆ నునుపులోనే కలిపేసింది.

ఆయన గులాబీ కాగితం నుంచి మనం నేర్చుకోదగ్గ చిట్కా ఒకటుంది. అది ఆయన ఎదుట కూర్చున్నవారి చర్మానికి తగిన కాగితం. మన ముఖాలకు తగినది గోధుమ రంగు కాగితం. పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్ మీద ఒకసారి గీసి చూడండి. ఆ కాగితం మన్నిక తక్కువ, కొన్నాళ్లకు రంగు మారుతుంది, సాధనకు మాత్రం బాగా పనికొస్తుంది. కాగితం రంగే మధ్యఛాయ అవుతుంది. నీడలకు ముదురు గోధుమ, నీలిమందు రంగులు, వెలుగుకు లేత పసుపు, నారింజ చాలు. నునుపు చేయవలసిన పని సగానికి సగం తగ్గిపోతుంది.

హాక్నీ గీసిన సీలియా

రంగు పెన్సిల్‌ను ముఖచిత్రానికి గంభీరంగా వాడిన ఆధునిక చిత్రకారుల్లో డేవిడ్ హాక్నీ పేరు ముందు చెప్పాలి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1937లో పుట్టాడు. వస్త్రాల మీద డిజైన్లు వేసే సీలియా బర్ట్‌వెల్ ఆయనకు స్నేహితురాలు. 1970ల మొదటి సంవత్సరాల్లో ఆమెను ఆయన రంగు పెన్సిళ్లతో, క్రేయాన్లతో పదేపదే గీశాడు. 1971 ఆగస్టులో ఫ్రాన్సులోని కారెనాక్‌లో గీసిన చిత్రం, 1972లో నల్ల గౌను, తెల్లపూలతో గీసిన చిత్రం వీటిలో ప్రసిద్ధమైనవి. 2020లో లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఆయన రేఖాచిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, అందులో ప్రధానంగా కనిపించిన ఐదుగురిలో సీలియా ఒకరు. మిగతావారిలో ఒకరు ఆయన తల్లి, ఇంకొకరు ఆయనే.

ఈ చిత్రాలను ఇంటర్నెట్‌లో పెద్దవి చేసి చూడండి. రంగులు కలిశాయి, గీతలు మాత్రం మాయం కాలేదు. గీత ఏ దిక్కుగా వెళ్లిందో, ఎక్కడ ఒత్తిడి పెరిగిందో, ఎక్కడ చేయి తేలిపోయిందో తెలుస్తూనే ఉంటుంది. చుట్టూ కాగితం తెల్లగా వదిలేశాడు. నల్ల గౌను ఎంత చిక్కగా ఉందో ముఖం అంత పలుచగా ఉంది. ఆ పలుచదనం వల్లే ఆ ముఖంలో గాలి ఆడుతున్నట్టుంటుంది.

ఆయన ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకొని గీశాడన్నది ఇక్కడ ముఖ్యం. ఎదురుగా ఉన్న మనిషి కదులుతుంది, విసుగుపడుతుంది, ఆలోచనలో పడుతుంది. వెలుగు మారుతుంది. వారాల తరబడి ఒకే చెంపను రుద్దుతూ కూర్చునే అవకాశం ఉండదు. కాబట్టి ప్రతి గీతా ఒక క్షణంలో చూసినదానికి గుర్తు. ఫోటో చూసి గీసేవారికి ఎంత కాలమైనా ఉంటుంది. ఆ కాలం చాలాసార్లు మరింత చూడడానికి బదులు మరింత నునుపు చేయడానికి ఖర్చవుతుంది.

హాక్నీ పద్ధతికీ పరిమితులు లేకపోలేదు. ఈ చిత్రాల్లో కొన్నింటిలో బట్టల మీద ఉన్న శ్రద్ధ మనిషి మీద లేదనిపిస్తుంది. సీలియా కొన్నిచోట్ల పత్రికలో ఫ్యాషన్ బొమ్మలా నాజూకుగా ఉంటుంది తప్ప ఆమె ఏమనుకుంటోందో తెలియదు. గీతలు కనిపించినంత మాత్రాన ముఖం సజీవమైపోదని వీటివల్ల తెలుస్తుంది. పెద్ద చిత్రకారుడి పేరు చూసి మీరు ఆయన అన్ని చిత్రాలనూ ఒకే గాటన కట్టి మెచ్చుకోవలసిన పని లేదు.

"స్కిన్ కలర్" ఎవరి చర్మం?

ఇప్పుడు మళ్లీ మన ఇరవై నాలుగు రంగుల పెట్టె దగ్గరకు వద్దాం. అందులో లేత గులాబీ, నారింజ కలిసినట్టుండే పెన్సిల్ ఒకటి ఉంటుంది. బడిలో మనమంతా దాన్ని "స్కిన్ కలర్" అని పిలిచాం. పక్క బెంచీవాళ్లను "నీ స్కిన్ కలర్ ఇవ్వవా" అని అడిగి తీసుకున్నాం. అడిగినవారిలో గానీ ఇచ్చినవారిలో గానీ ఆ రంగులో ఉన్న పిల్లలు ఎందరు?

ఈ పేరు మనం కల్పించింది కాదు. అమెరికాలో క్రేయోలా సంస్థ కూడా తన క్రేయాన్లలో ఒకదాన్ని "చర్మం" అనే అర్థం వచ్చే పేరుతోనే అమ్మింది. 1962లో ఆ పేరు తీసేసి పీచ్ అని మార్చింది. 2020లో ఇరవై నాలుగు చర్మఛాయలతో ప్రత్యేకమైన పెట్టె తెచ్చింది. మన దుకాణాల్లో పెట్టె మీద ఏ పేరున్నా, పిల్లల నోట్లో పాత పేరే నిలిచింది.

దీన్ని కేవలం పేరు సమస్యగా చూస్తే బ్లెండింగ్‌తో దానికి ఉన్న సంబంధం తెలియదు. చర్మానికి ఒక రంగు ఉంటుంది, దాన్ని పరిచి నునుపు చేస్తే సరిపోతుంది అన్న ఆలోచన ఆ పెన్సిల్‌తోనే మనలోకి వచ్చింది. ఇరవై నాలుగు చర్మఛాయల పెట్టె కొన్నా ఆ ఆలోచన మారకపోతే ఫలితం పెద్దగా మారదు. గులాబీ ముద్దకు బదులు గోధుమ ముద్ద వస్తుంది.

నిజానికి చర్మానికి ఒక రంగు ఉండదు. ఎండలో పనిచేసే మనిషి నుదురు ముదురుగా, తలపాగా కింది భాగం లేతగా ఉంటుంది. చెవి తమ్మె వెనుక నుంచి వెలుగు పడితే ఎర్రగా మారుతుంది. కిటికీ వెలుగులో చామనఛాయ చెంప మీద పడే మెరుపు తరచూ నీలం వైపు ఉంటుంది, బల్బు వెలుగులో పసుపు వైపు. పసుపు రాసుకునే స్త్రీ ముఖంలో చెంపలకంటే చెవుల ముందు, జుట్టు అంచు దగ్గర పసుపు ఎక్కువగా నిలుస్తుంది. ఇవన్నీ ఒక్కొక్క పొరగా రావాలి. నేను సాధారణంగా చెప్పే క్రమం ఇది: ముందు ఎల్లో ఓకర్ పలుచగా పరచండి, దాని మీద బర్న్ట్ సియన్నా, నీడల్లో ముదురు ఆకుపచ్చ లేదా నీలిమందు రంగు, మళ్లీ గోధుమ. నలుపు ముట్టుకోకండి. నీడలో నలుపు వేస్తే మసి పూసినట్టవుతుంది, ఆకుపచ్చ మీద ఎర్రగోధుమ వేస్తే లోతు వస్తుంది. ప్రతి పొర గీతలూ కింది పొర గీతలకు కొంచెం ఏటవాలుగా వెళ్లాలి. అప్పుడు వాటంతటవే కలుస్తాయి. చివరకు ఎక్కడైనా రుద్దవలసి వస్తే తెల్ల పెన్సిల్ బదులు లేత ఓకర్ లేదా అదే పీచ్ పెన్సిల్ వాడండి. "స్కిన్ కలర్" పెన్సిల్‌కు ఇదొక మంచి ఉపయోగం.

పైన చెప్పిన అమ్మమ్మ బొమ్మను ఆ విద్యార్థిని మళ్లీ గీసింది. ఈసారి బ్రౌన్ పేపర్ మీద, ఫోటో లేకుండా, అమ్మమ్మను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మధ్యాహ్నాల్లో పూర్తి చేసింది. జరీ అంచు సరిగా రాలేదు. ఒక కన్ను కాస్త కిందికి జారింది. పెదవుల మీది ఆకూవక్కల ఎరుపు మాత్రం ఉంది, నోటి మూలల ముడతలు ఉన్నాయి. మనవరాలు ఏం గీస్తోందో అని ఆవిడ అనుమానంగా చూస్తున్న చూపు కూడా ఉంది. క్లాసులో ఈ బొమ్మకు మొదటిదానికంటే తక్కువ మెప్పు దక్కింది. నా మటుకు నేను దీనికే ఎక్కువ మార్కులు వేశాను. ఒకరిద్దరు ఒప్పుకోలేదు. వాళ్ల వాదనలోనూ బలముంది. పోలిక తప్పిన కన్ను పోలిక తప్పినదే, దాన్ని "జీవం" అనే మాటతో కప్పిపుచ్చకూడదు.

అభ్యాసం

మీ ఇంట్లోని ఒక పెద్దవారి ముఖాన్ని ఎంచుకోండి. కాగితం మీద ముఖాన్ని నిలువుగా రెండు భాగాలుగా అనుకొని, ఒక సగం ఫోటో చూసి బర్నిషింగ్‌తో నునుపుగా, రెండో సగం ఎదురుగా చూస్తూ గీతలు కనిపించేలా గీయండి. రెండు సగాలకూ అవే ఆరు పెన్సిళ్లు వాడండి. పూర్తయ్యాక కాగితాన్ని గోడకు తగిలించి ఆరడుగుల దూరం నుంచి ఒకసారి, చేయి చాచేంత దూరం నుంచి ఒకసారి చూడండి.

తరువాత దాని మీద రెండు పేజీల విమర్శ రాయండి. "బాగుంది", "సహజంగా ఉంది" అనే మాటలు వాడకండి. ఏ చోట ఏ పద్ధతి వాడారో, అక్కడ దానివల్ల ఏం కనిపించిందో, ఏం మరుగున పడిందో చెప్పండి. నునుపు చేసిన సగంలో మీకు నచ్చినది ఒకటైనా, గీతల సగంలో కుదరనిది ఒకటైనా తప్పనిసరిగా రాయాలి. వీలైతే ఆ బొమ్మను మీరు గీసిన పెద్దవారికే చూపించి, ఏ సగం తమదని వారన్నారో ఆ మాట కూడా చేర్చండి.